డార్విన్‌కు ఎదురైన దేవుడు, మనకు ఎదురైన అమ్మవారు

మానవ పరిణామానికీ దైవవిశ్వాసానికీ సంబంధం ఉందా అని ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఎవరినైనా అడగండి. జవాబు కోసం ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఈశాన్యాన ఉన్న మహేంద్రగిరి వైపు చెయ్యి చూపించి, అక్కడ పరశురాముడు ఇప్పటికీ తపస్సు చేసుకుంటున్నాడని, ఆయన దశావతారాలలో ఆరోవాడని, ఆ పది అవతారాల వరుసే పరిణామ సిద్ధాంతమని చెప్పేస్తారు. నీటిలో చేప, నీటికీ నేలకీ నడుమ తాబేలు, నేలమీద పంది, సగం మృగమూ సగం మనిషీ అయిన నరసింహుడు, పొట్టివాడైన వామనుడు, గొడ్డలి పట్టిన పరశురాముడు, విల్లు పట్టిన రాముడు, నాగలి పట్టిన బలరాముడు. డార్విన్ 1859లో చెప్పినదాన్ని మనవాళ్లు ఎప్పుడో చెప్పి ఊరుకున్నారన్నమాట. నేను ఈ ఊళ్లో డిగ్రీ విద్యార్థులకు జీవశాస్త్రం చెబుతాను. పరిణామం పాఠం మొదలుపెట్టిన రోజున వెనక బెంచీల నుంచి ఈ మాట రాని సంవత్సరం లేదు. శివరాత్రికి మహేంద్రగిరి యాత్రలో కలిసే పెద్దవాళ్లు కూడా ఇదే మాట ఇంకాస్త ధీమాగా చెబుతారు.

ఈ పోలిక పురాణాలలో ఉన్నది కాదు. దివ్యజ్ఞాన సమాజాన్ని (థియోసాఫికల్ సొసైటీని) స్థాపించినవారిలో ఒకరైన బ్లావట్‌స్కీ 1877లో, అంటే డార్విన్ గ్రంథం వెలువడిన పద్దెనిమిదేళ్లకు, దీన్ని రాతలో పెట్టింది. ఆ తర్వాతి కాలంలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా వెన్నెముక గల జంతువుల పరిణామానికి అవతారాల వరుస స్థూలంగా సరిపోతుందని ముచ్చటపడ్డాడు. ముచ్చట వేరు, వాదన వేరు. పరిణామం ఒక మెట్టు వదిలి పై మెట్టు ఎక్కే నిచ్చెన కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గంజాం జిల్లాలో ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, మంచి ఏడాదైతే లక్షల సంఖ్యలో, గుడ్లు పెట్టడానికి వస్తాయి. చీకట్లో ఇసుకమీద నిలబడి చూస్తే ఒక్కొక్కటీ వెనక కాళ్లను చేటల్లా వంచి గుంట తవ్వి, అందులో వంద దాకా గుడ్లు జారవిడిచి, మళ్లీ ఇసుక కప్పి, దానిమీద డొప్పతో దబదబా కొట్టి నేలను గట్టిపరిచి వెళ్లిపోతుంది. ఆ ప్రాణి మనం దాటివచ్చిన మెట్టు కాదు. తాబేలుకూ మనిషికీ ఉమ్మడిగా ఉన్న పూర్వజీవి 30 కోట్ల ఏళ్లకు పూర్వం బతికింది. అప్పటి నుంచి వాటి వంశమూ మన వంశమూ చెరొక దారిలో, సరిగ్గా అంతే కాలం పరిణమించాయి. ఇక పరశురాముడు, రాముడు, బలరాముడు జీవశాస్త్రం లెక్కలో ఒకే జాతి మనుషులు. ఆ జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు. అవతారాల పట్టిక కూడా ఒకే తీరున లేదు. ఒడిశాలో చాలాచోట్ల తొమ్మిదో స్థానంలో జగన్నాథుడే కనిపిస్తాడు. జగన్నాథుణ్ణి పరిణామంలో ఏ దశ అనాలి?

పురాణం అవతారాలను చెప్పింది ధర్మం కుంగిన ప్రతిసారీ దేవుడు దిగివస్తాడన్న భరోసా కోసం. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దణ్ణం పెట్టి వచ్చే భక్తుడు సరీసృపాల పుట్టుక తెలుసుకోవడానికి అక్కడికి వెళ్లడు. ఆ భరోసాను తీసి, దాని స్థానంలో పదో తరగతి పాఠం పెట్టి, ఇదిగో మన పూర్వుల విజ్ఞానం అని గర్వపడటం పురాణానికీ మర్యాద కాదు, పాఠానికీ మేలు కాదు.

రెండో సిద్ధ సమాధానం దీనికి ఎదురు దిక్కున ఉంటుంది: పరిణామం నిజమైతే దేవుడు లేడు, దేవుడు ఉంటే పరిణామం అబద్ధం. 2018 జనవరిలో కేంద్ర సహాయమంత్రి ఒకరు కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదని, కాబట్టి డార్విన్ సిద్ధాంతం తప్పని బహిరంగంగా అన్నారు. 2023లో పదో తరగతి జాతీయ పాఠ్యపుస్తకంలో పరిణామ భాగం కనిపించకుండా పోయింది. వందలాది శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. ఆ వివాదంలో నేను నిరసన తెలిపినవారి పక్షమే. అయితే ఆ పక్షంలోని కొందరు మిత్రులు కూడా మంత్రిగారి తర్కాన్నే తిరగేసి వాడుతుంటారు, అది నాకు మింగుడుపడదు. జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో హాల్డేన్ నాస్తికుడు, ఫిషర్ క్రమం తప్పని క్రైస్తవుడు. ఇద్దరి సమీకరణాలలో దేవుడి వల్ల ఒక్క గుర్తూ మారలేదు. పరిణామపు వెలుగులో తప్ప జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన జన్యుశాస్త్రవేత్త డబ్జాన్‌స్కీ కూడా దైవాన్ని నమ్మినవాడే. ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు దేవుడు గానీ దేవదూత గానీ సైతాను గానీ అందులో వేలు పెట్టరన్న లెక్కతోనే పని చేస్తానని చెప్పిన హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి భారతదేశం వచ్చాడు. చివరి రెండేళ్లూ భువనేశ్వరంలో పని చేసి 1964 డిసెంబరు 1న అక్కడే కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని వైద్యవిద్యార్థుల కోసం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. ఒడిశాలో పోయి తెలుగుదేశం చేరుకున్న ఈ మనిషి పేరు మా జిల్లాల్లో ఇంకాస్త ఎక్కువగా వినబడాలని నా కోరిక.

నా మటుకు నాకు సంబంధం ఉన్నది నమ్మే మనసులో. దేవుడు మనిషిని ఏ పద్ధతిలో చేశాడన్నది ఒక ప్రశ్న. దేవుణ్ణి నమ్మగలిగే మనసు మనిషికి ఎలా వచ్చిందన్నది ఇంకొకటి. మొదటిదానికి నా ప్రయోగశాలలో పరికరం లేదు. రెండోది మాత్రం పూర్తిగా మా శాస్త్రం పరిధిలోని విషయం.

దాన్ని మొదట తట్టి చూసినవాడు డార్వినే. మానవుడి పుట్టుకపై 1871లో వెలువరించిన గ్రంథంలో ఆయన తన కుక్క గురించి ఒక సంగతి రాశాడు. ఎండగా, నిశ్చలంగా ఉన్న ఒక రోజున పచ్చికమీద తెరిచి ఉంచిన గొడుగు పిల్లగాలికి కదిలినప్పుడల్లా, దగ్గర మనిషి ఎవరూ లేకపోవడంతో, ఆ కుక్క గుర్రుమని మొరిగిందట. కారణం కనబడని కదలిక వెనక కనబడని ప్రాణి ఏదో ఉందని అది భావించి ఉంటుందని, ఆత్మలమీద ఆదిమ మానవుడి నమ్మకానికి మూలం కూడా ఇటువంటిదే కావచ్చునని ఆయన ఊహ. నూరేళ్లు దాటాక స్టూవర్ట్ గత్రీ, జస్టిన్ బారెట్ వంటి పరిశోధకులు ఆ ఊహకు పూర్తి రూపం ఇచ్చారు. దాన్ని వివరించడానికి నాకు విదేశీ ఉదాహరణ అవసరం లేదు. ఇచ్ఛాపురం దాటి సోంపేట వైపు వెళితే ఉద్దానం జీడితోటలు వస్తాయి. అక్కడ జీడిపిక్కలు ఏరడానికి తెల్లవారుతూనే వెళ్లే ఆడవాళ్లు తోటలో అడుగు పెట్టే ముందు కేకలు వేస్తారు, చేతిలో డబ్బా ఉంటే దాన్ని కొడతారు. ఎలుగుబంటి ఉంటే తప్పుకుని పోవాలని. ఎండుటాకులు గలగలమంటే అందరూ ఒక్కసారిగా ఆగిపోతారు. అది గాలే అయితే, భయపడి పరుగు తీసిన మనిషికి నష్టం రెండు నిమిషాల ఆయాసం. అది ఎలుగే అయితే, గాలే కదా అనుకుని వంగి పిక్కలు ఏరుకుంటున్న మనిషికి పోయేది ముఖమో, ప్రాణమో. ఈ రెండు పొరపాట్ల ఖరీదులు సమానం కావు. లక్షల ఏళ్లపాటు ఇటువంటి తోటల్లో, అడవుల్లో బతికి పిల్లల్ని కన్నవాళ్లు ఎక్కువగా పరుగు తీసినవాళ్లే. వాళ్ల సంతానమైన మనం ప్రతి చప్పుడు వెనకా ఒక కర్తను వెతుకుతాం.

దీనికి తోడు, ప్రతి వస్తువూ దేనికోసమో ఉందని అనుకునే అలవాటు కూడా మనతోనే పుడుతుంది. డెబొరా కెలెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికా పిల్లలను అడిగినప్పుడు, రాళ్లు మొనదేలి ఉన్నది జంతువులు దురద పుట్టినప్పుడు గోక్కోవడానికన్న తరహా జవాబులను ఏడెనిమిదేళ్లవాళ్లు ఇష్టంగా ఎంచుకున్నారు. పిల్లల సంగతి అలా ఉంచితే, తొందరగా జవాబు చెప్పమని ఒత్తిడి పెట్టినప్పుడు వృత్తిరీత్యా శాస్త్రవేత్తలైనవారు కూడా అటే మొగ్గు చూపారని ఆమె తర్వాత చేసిన అధ్యయనంలో తేలింది. చదువు ఆ అలవాటును అణచి ఉంచుతుంది గానీ తుడిచివేయదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా లోతైనది, పోయినవాళ్లతో మన వ్యవహారం. ఎదుటి మనిషి మనసులో ఏముందో ఊహించగల శక్తి మందలో బతికే మనిషికి తిండితో సమానమైన అవసరం. ఆ మనిషి చనిపోయినంత మాత్రాన మన మెదడులో అతని గురించి నడిచే ఊహ ఆగదు. గుణుపురానికీ పర్లాకిమిడికీ ఎగువన ఉన్న కొండల్లో సవరలనే గిరిజనులు ఈ సంగతిని దాచుకోకుండా ఒక వ్యవస్థగానే నడుపుకున్నారు. పూనకం వచ్చిన స్త్రీ నోటి గుండా చనిపోయినవారు మాట్లాడతారు. బతికినవారు ఎదురుగా కూర్చుని ఏడుస్తారు, నిష్ఠూరాలాడతారు, అప్పుల సంగతీ పొలం గట్ల సంగతీ తేల్చుకుంటారు. ఈ సంభాషణ ఒక్క రోజుతో ముగిసేది కాదు, ఏళ్ల తరబడి సాగుతుంది. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970లలో ఆ కొండల్లో ఉండి ఈ సంభాషణలను నమోదు చేశాడు. తర్వాతి దశాబ్దాలలో సవరలు పెద్దసంఖ్యలో బాప్టిస్టు క్రైస్తవంలో చేరారు, మరికొందరు హిందూ భక్తిమార్గాల్లోకి వెళ్లారు. తాతలు మృతులతో మాట్లాడిన ఇళ్లలో మనవలు ఇప్పుడు ఆదివారం చర్చిలో పాటలు పాడుతున్నారు.

ఈ మార్పును పరిణామం చదివినవాడు జాగ్రత్తగా గమనించాలి. రెండు తరాలలో జన్యువులు మారవు. మారింది నమ్మకం రూపం. నమ్మగల శక్తి తాతలోనూ మనవడిలోనూ ఒకటే. ఇక్కడ నాకు భాష ఒక్కటే సరైన పోలికగా తోస్తుంది. మా వీధిలో పుట్టిన పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే పట్టుకుంటాడు. అదే పిల్లవాడు కొండమీద సవర ఇంట పుట్టి ఉంటే సవర మాట్లాడేవాడు. భాష నేర్చే శక్తి పుట్టుకతో వస్తుంది, ఏ భాష అన్నది ఊరు ఇస్తుంది. ఈ సంగతి పర్లాకిమిడికి కొత్తగా చెప్పనక్కరలేదు. సవర భాషను నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊరి ఉపాధ్యాయులే. 1936లో ఈ ఊరు ఒడిశాలో చేరినప్పుడు మనసు ఒప్పక రాజమండ్రి వెళ్లిపోయినవారే. దేవుళ్ల విషయమూ అంతే. మా ఇళ్లలో జగన్నాథుడి పటమూ గ్రామదేవత మొక్కూ పక్కపక్కనే ఉండటానికి కారణం మేము ఉన్న చోటు. అయితే ఈ పోలికను చివరిదాకా లాగకూడదు. భాష రాని సమాజం లేదు, ఆరోగ్యంగా పెరిగి ఏ భాషా రాని మనిషి కనబడడు; దేవుణ్ణి నమ్మకుండా నిక్షేపంగా బతికేవారు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అందుచేత నమ్మకం భాష అంత గట్టి సహజాతం కాదు. నమ్మకం వైపు మనసుకు ఒక వాలు ఉంది, అంతవరకే.

ఆ వాలు ఎందుకు ఏర్పడిందన్న దానిమీద పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. వేరే అవసరాలకు ఏర్పడిన శక్తులు కలిసి అనుకోకుండా పుట్టించిన ఉపఫలం అని పాస్కల్ బోయర్ వంటివారు అంటారు. మనుషుల్ని కలిపి ఉంచడం వల్లనే అది నిలిచి బలపడిందని మరికొందరు అంటారు. నేను పుట్టింది బరంపురంలో పట్టుచీరలు నేసే కుటుంబంలో కనుక రెండో వాదాన్ని పుస్తకంలో చదవకముందే చూశాను. రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో అమ్మవారు గుడి విడిచి, మా తెలుగు నేతవారి కులపెద్ద దేశిబెహెరా ఉండే వీధికి పుట్టింటికి వచ్చినట్లుగా వస్తుంది. ఆ రోజుల్లో మొక్కు ఉన్నవాళ్లు వేషాలు కడతారు. మా చిన మావయ్య పులివేషం కట్టేవాడు. ఒంటినిండా పసుపు రంగు పూసి నల్లచారలు దిద్దడానికి ఒక పూట పడుతుంది. ఆ రంగు ఆరేదాకా కూర్చోకూడదు, ఒరగకూడదు, చేతులు దూరంగా చాపుకుని నిలబడాలి. చెమటకు చర్మం మండుతుంది. రాత్రి ఇంటికి వచ్చాక కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో అత్తయ్య రుద్దితే చారలతో పాటు చర్మం కూడా రేగి వచ్చేది. మగ్గం ఆగిపోయిన రోజుల కూలీ పోయినట్టే. ఇంత ఖర్చు, ఇంత బాధ ఎందుకు?

రిచర్డ్ సోసిస్ అనే మానవశాస్త్రవేత్త దీనికి ఒక జవాబు చూపించాడు. 19వ శతాబ్దపు అమెరికాలో ఏర్పడిన, అందరూ కలిసి ఉమ్మడిగా బతికే 83 సమష్టి కాలనీల చరిత్రను ఆయన సహచరుడితో కలిసి పరిశీలిస్తే, మత ప్రాతిపదికన ఏర్పడినవాటిలో ఎంత కఠినమైన నియమాలు ఉంటే ఆ కాలనీ అంత ఎక్కువకాలం నిలిచింది. మతం లేని కాలనీలకు మాత్రం కఠిన నియమాల వల్ల ఆ లాభం దక్కలేదు. ఖరీదైన మొక్కు చెల్లించేవాడు తాను సంఘాన్ని వదిలిపోయే మనిషిని కానని అందరి ముందూ రుజువు చేసుకుంటున్నాడన్నమాట. పులివేషం కట్టిన మావయ్యకు ఆ ఏడాది పట్టునూలు అప్పుగా ఇవ్వడానికి షావుకారు వెనకాడకపోవడం నేను చూశాను. మారిషస్‌లో తమిళుల కావడి ఉత్సవంలో దిమిత్రిస్ గ్జిగలాటస్ బృందం చేసిన అధ్యయనం ఇంకొక మెట్టు ముందుకు వెళ్లింది: శూలాలు గుచ్చుకుని కావడి మోసినవారు, మామూలు ప్రార్థనలో పాల్గొన్నవారికన్నా ఎక్కువ ధనం దానం చేశారు, ఎంత నొప్పి అనుభవించామని చెప్పారో అంత ఎక్కువ ఇచ్చారు. స్పెయిన్‌లోని ఒక పల్లెలో నిప్పుల మీద నడిచే ఉత్సవంలో నడిచేవారి గుండె లయతో, చూస్తున్న బంధుమిత్రుల గుండె లయ కలిసి సాగిందనీ, సంబంధం లేని ప్రేక్షకుల గుండెలు అలా కలవలేదనీ 2011లో ప్రకటించిన అధ్యయనం చెప్పింది. మన పల్లెల్లో నిప్పులగుండం తొక్కేటప్పుడు ఒడ్డున నిలబడిన చెల్లెలి ముఖం చూసినవారెవరికీ ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

ఇంతవరకూ చదివినవారు నమ్మకం మనుషుల్ని కలుపుతుందని, కాబట్టి మంచిదని నేను చెప్పబోతున్నానని అనుకోవచ్చు. అలా చెప్పడం నాకు చేతకాదు, ఎందుకంటే చప్పుడు వెనక కర్తను వెతికే ఆ మనసే చిల్లంగిని, అంటే చేతబడి భయాన్ని కూడా పుట్టించింది. పిల్లవాడు మలేరియాతో పోతే దోమ కారణమంటే మనసు తృప్తిపడదు, చేసినవాడెవడో కావాలి. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ మీద అనుమానం వస్తుంది. రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లో ఆ అనుమానం పేరిట జరిగిన దాడులూ హత్యలూ దినపత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం. ఒడిశా ప్రభుత్వం 2013లో దీనికోసం ప్రత్యేక చట్టమే చెయ్యవలసి వచ్చింది. అమ్మవారి గుడి ముందు కలిసిన గుండెలే ఆ ముసలావిడ గుమ్మం ముందు కూడా కలిసి కొట్టుకుంటాయి. పరిణామం ఇచ్చిన శక్తికి మంచి చెడ్డలు తెలియవు.

అదే 2013లో రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దున ఇంకొకటి జరిగింది. నియమగిరి కొండలమీద బాక్సైట్ తవ్వకానికి సంబంధించి, ఆ కొండల దేవుడు నియమరాజును పూజించుకునే హక్కు సంగతి తేల్చవలసింది అక్కడి గ్రామసభలేనని సుప్రీంకోర్టు ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. అక్కడి గిరిజనులైన డొంగరియా కోంధులూ వారి పొరుగువారూ కూర్చున్న 12 గ్రామసభలూ వద్దనే తీర్మానించాయి. కొండ శిఖరం నియమరాజుది కాబట్టి అక్కడి చెట్టు కొట్టకూడదన్న ఒక్క నమ్మకం, ఊటలు పుట్టే అడవిని తరతరాలుగా కాపాడింది. నీతిని పట్టించుకునే దేవుళ్లు పెద్ద పెద్ద రాజ్యాలతోపాటే ప్రబలారని ఒక సిద్ధాంతం ప్రచారంలో ఉంది. ఆ వరుసను తారుమారు చేస్తూ 2019లో ఒక ప్రముఖ పత్రికలో వచ్చిన పరిశోధనను, దత్తాంశాలపై అభ్యంతరాలు రావడంతో, 2021లో రచయితలే ఉపసంహరించుకున్నారు. రాజ్యమే లేని కొండమీద నియమాలు పెట్టే రాజును చూసినవారికి ఇటువంటి పెద్ద సూత్రాలమీద తొందరగా గురి కుదరదు.

ఇప్పుడు అసలు చిక్కు. నమ్మే మనసు పరిణామం వల్ల వచ్చిందని ఒప్పుకుంటే, నమ్మినది అబద్ధమని తేలినట్టా? తేలదు. ఒక అభిప్రాయం మనకు ఎలా కలిగిందన్నది దాని సత్యాసత్యాలను నిర్ణయించదు. లెక్కపెట్టే శక్తి కూడా మనకు పరిణామమే ఇచ్చింది. అందుచేత రెండూ రెండూ నాలుగు కాకుండా పోలేదు. చప్పుడు వెనక కర్తను వెతికే బుద్ధి గురించి విస్తారంగా రాసిన జస్టిన్ బారెట్ స్వయంగా క్రైస్తవ విశ్వాసి. ఆ బుద్ధిని దేవుడే పెట్టి ఉండవచ్చని ఆయన అంటాడు. అయితే ఆస్తికులు ఇక్కడ ఊపిరి పీల్చుకోవడానికి లేదు. లెక్క తప్పితే సంతలో చిల్లర తేడా వచ్చి తెలిసిపోతుంది. దేవుడి విషయంలో తప్పును పట్టించే అటువంటి సంత లేదు. పైగా వాళ్లు తరచుగా వాడే వాదన ఒకటి ఈ దెబ్బతో పనికిరాకుండా పోతుంది. ప్రపంచంలో ఏ మూల చూసినా, ఏ కాలంలో చూసినా మనుషులు దేవుణ్ణి నమ్మారు, ఇందరు నమ్మినది ఉత్తిదే అవుతుందా అని అడుగుతారు కదా. దేవుడు ఉన్నా లేకపోయినా ఇటువంటి మెదడు గల ప్రాణి నమ్మే తీరుతుందని తెలిశాక, అందరూ నమ్మడం దేనికీ సాక్ష్యం కాదు. భయంలోంచి పుట్టింది కాబట్టి దేవుడు అబద్ధం అనే హేతువాది వాదనా అదే కారణంతో చెల్లదు. భయంలోంచి పుట్టిన పరుగుకు ఒక్కొక్కసారి నిజమైన ఎలుగే కారణం.

పరిణామం దేవుణ్ణి నిజంగా నిలదీసేది వేరే చోట. ఋషికుల్య ఒడ్డున గుడ్లు పెట్టిన తల్లి తాబేలు మళ్లీ వెనక్కి చూడదు. పిల్లలు ఇసుక తోసుకుని బయటికి వచ్చి నీటి వైపు పాకుతుంటే కాకులు, కుక్కలు, పీతలు, నీళ్లలో చేపలు కాచుకుని ఉంటాయి. పెరిగి పెద్దయ్యేది వెయ్యింటికి ఒకటి ఉంటుందని అంచనా. ఇది పరిణామానికి జరిగిన ప్రమాదం కాదు, పరిణామం నడిచే పద్ధతే ఇది. ఆ తొమ్మిది వందల తొంభై తొమ్మిదీ చస్తేనే ప్రకృతి చేసే ఎంపిక అన్న మాటకు అర్థం. డార్విన్‌ను కుదిపింది ఇదే. బతికి ఉన్న గొంగళిపురుగు ఒంట్లో పెరుగుతూ దాన్ని లోపలి నుంచి తినే ఒక రకం కందిరీగను, దయగల సర్వశక్తిమంతుడు కావాలని సృష్టించి ఉంటాడని తనకు నమ్మకం కుదరడం లేదని 1860లో ఆయన ఏసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్తకు రాశాడు. ఆ కోవకే చెందిన ట్రైకోగ్రామా అనే చిన్న కీటకాలను మన వ్యవసాయశాఖవారు కార్డులకు అంటించి ఇస్తే, వరిలో కాండం తొలిచే పురుగు గుడ్లను అవి నాశనం చేస్తాయని మన రైతులు సంతోషంగా పొలంలో కడుతున్నారు. ఎవరి నమ్మకమూ చెదరలేదు. డార్విన్ పదేళ్ల కూతురు ఆనీ 1851లో చనిపోయిందన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

డార్విన్ నమ్మకం చెదిరి, మన రైతు నమ్మకం చెదరకపోవడానికి రైతు ఆలోచించకపోవడం కారణమని నేను అనుకోను. డార్విన్‌కు చర్చి నేర్పిన దేవుడు సర్వశక్తిమంతుడు, సంపూర్ణ దయామయుడు, ప్రతి ప్రాణినీ విడివిడిగా రూపొందించినవాడు. ఈ మూడు లక్షణాలు కలిసిన దేవుడికే కందిరీగ ఇబ్బంది. మా ఊళ్ల అమ్మవారి మీద ఎవరూ ఆ మూడూ మోపలేదు. మశూచి ఆమె పంపేది, ఆమె తీసేది. వేపాకులతో విసిరి, చలివిడి పెట్టి, కోపం చల్లారమని అడిగేవారే గానీ దయగలదానివి కదా ఎందుకిలా చేశావని ఆమెను నిలదీసేవారు కాదు. భారతదేశంలో చివరి మశూచి కేసు 1975 నాటిది. టీకా ఆ జబ్బును తుడిచిపెట్టాక కూడా అమ్మవారి జాతర ఆగలేదు. వరద వచ్చి చేనును ముంచిన వంశధారకే పంటకాలంలో దణ్ణం పెట్టేవాడికి, చంపుతూ పెంచే ప్రకృతి కొత్త సమాచారం కాదు. ఈ కారణంచేత, డార్విన్ వల్ల దేవుడికి జరిగిందని పాశ్చాత్య గ్రంథాలు చెప్పే గాయాన్ని అలాగే తెచ్చి మన దేవతలకు అంటగట్టడం సరికాదని నా వాదన. అవతారాల వరుస చూపించి మన మతానికీ పరిణామానికీ పేచీ లేదని చెప్పేవారు చెప్పవలసిన కారణం ఇది. వాళ్లు చెబుతున్నది మరొకటి.

దీన్ని మావయ్య దగ్గర ఎత్తితే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. “అమ్మ మంచిదని నీకెవరు చెప్పార్రా అల్లుడూ? అమ్మ పెద్దది, అంతే” అన్నాడు. తర్కం ప్రకారం ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మంచిదని హామీ లేని శక్తికి మొక్కడం నాకు సాధ్యం కాదన్నది వేరే సంగతి. యాత్రకు వెళతాను, వీధిలో నిలబడి చూస్తాను, మొక్కు మొక్కను. నన్ను ఇప్పుడు ఆలోచింపజేస్తున్నది మాత్రం మావయ్య తరం తర్వాత జరుగుతున్నది. మా వైపు పట్టణాల్లో బలులు తగ్గాయి, అది మంచిదే. వాటితోపాటు అమ్మవారి కోరలు చిన్నవయ్యాయి, కళ్లలో ఎరుపు తగ్గింది, ఉత్సవ కమిటీలవారు ఆమెను కరుణామయి అంటూ కూడలిలో ఫ్లెక్సీలు కడుతున్నారు. కోప్పడే తల్లిని సంపూర్ణ దయామయిగా మార్చుకుంటున్నవారు, ఆ మార్పుతోపాటు డార్విన్ 1860లో రాసిన ఉత్తరాన్ని కూడా ఇంటికి తెచ్చుకుంటున్నారు. కమిటీవారి పిల్లలే రేపు నా తరగతిలో కూర్చుని ఋషికుల్య తాబేలు పిల్లల గురించి అడుగుతారు. వాళ్లకు దశావతారాల వరుస సరిపోదు.